క్యారెక్టర్ షీట్ మీద ఆ చిన్న గడి
అలైన్‌మెంట్ మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అలైన్‌మెంట్ గొడవలే. కొత్తవాళ్ల కోసం ముందుగా రెండు ముక్కలు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే, ఊహాపాత్రల్ని పాచికలతో ఆడించే కథల ఆటలో క్యారెక్టర్ స్వభావాన్ని రెండు కొలతల్లో చూస్తారు, అదే అలైన్‌మెంట్. ఒకటి లాఫుల్ (కట్టుబాటుకు లోబడేది), న్యూట్రల్ (ఎటూ కానిది), కేయాటిక్ (ఆజ్ఞలు గిట్టనిది). రెండోది గుడ్, న్యూట్రల్, ఈవిల్. మూడు మూళ్లు తొమ్మిది గళ్లు. లాఫుల్ గుడ్ ఒక మూల, కేయాటిక్ ఈవిల్ దానికి ఎదురు మూల, నట్టనడుమ ట్రూ న్యూట్రల్. ఇక ఉత్తరాలు.

ప్రశ్న: మేం నలుగురం కొత్తగా మొదలుపెట్టాం. షీట్‌లో మిగతావన్నీ నింపేశాం గానీ అలైన్‌మెంట్ దగ్గర ఆగిపోయాం. ఏది రాయాలో ఎలా తేల్చుకోవాలి? రాయకపోతే ఏమవుతుంది? (ఇంజనీరింగ్ విద్యార్థి, హనుమకొండ)

జవాబు: 5వ ఎడిషన్‌లో 2014 రూల్స్ ఆడినా, 2024 రూల్స్ ఆడినా ఆ గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన ఆట ఆగదు. కత్తి దెబ్బకు వేసే పాచికలోగానీ, స్పెల్ (మంత్రం) నుంచి తప్పించుకోవడానికి వేసే పాచికలోగానీ దాని లెక్క రాదు. మొదటి రెండు మూడు సెషన్లు ఖాళీగానే వదిలేయండి. ఆడుతుంటే మనిషి ఎలాంటివాడో బయటపడతాడు. అప్పుడు పెన్సిల్‌తో రాయండి, పెన్నుతో వద్దు.

రాసేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నా పని అవ్వడానికి ముక్కూ మొహం తెలియనివాడు నష్టపోతే నాకు పట్టింపు ఉందా? నాకే నష్టం వచ్చినా నిలబెట్టుకునే మాట ఎవరికిచ్చింది? ఎంత డబ్బిచ్చినా చెయ్యని పని ఏది? మొదటి జవాబు గుడ్, ఈవిల్ సంగతి తేలుస్తుంది. రెండోది లాఫుల్, కేయాటిక్ సంగతి చెబుతుంది. మూడోది ఏ గడిలోనూ పట్టదు, కానీ టేబుల్ దగ్గర అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది అదే.

దొంగసరుకు దాటించే హాఫ్లింగ్ (పొట్టి జాతి) రోగ్‌ను, అంటే దొంగను తీసుకుందాం. షీట్ వెనక ఇలా రాసుకున్నాడనుకోండి: “సుంకం ఎగ్గొడతాను, సరుకులో కల్తీ మాత్రం చెయ్యను. ముఠా పెద్దకిచ్చిన మాట ప్రాణం పోయినా తప్పను. మనుషుల్ని సరుకుగా మొయ్యను.” దొంగ కాబట్టి కేయాటిక్ అనేస్తారు చాలామంది. కాదు, వీడు లాఫుల్ న్యూట్రల్. లాఫుల్ అంటే ఊళ్లో ఉన్న రాజుగారి చట్టం ఒక్కటే కాదు. తన బయట ఉన్న ఏదో ఒక కట్టుబాటుకు, అది గిల్డ్‌ది కానీ గుడిది కానీ ముఠాది కానీ, తల ఒగ్గి నడవడం.

ప్రశ్న: నేను డీఎంని, అంటే ఆట నడిపే డంజియన్ మాస్టర్‌ని. గోబ్లిన్ల (చిన్న రాక్షసుల) గుహలో ఒక గోబ్లిన్ కత్తి పారేసి లొంగిపోయింది. దారి అడిగి తెలుసుకున్నాక రోగ్ దాన్ని పొడిచేశాడు. మా పాలడిన్ (ప్రమాణానికి కట్టుబడ్డ పవిత్ర యోధుడు) లాఫుల్ గుడ్. “ఇక వీడితో కలిసి నడవను” అని ఆ ఆటగాడు పట్టుబట్టాడు. రోగ్ ఆటగాడేమో “కట్టేసి వదిలేస్తే వెళ్లి మిగతావాళ్లను లేపుతుంది కదా” అంటాడు. పాలడిన్ ఆపలేకపోయాడు కాబట్టి అతని శక్తులు తీసేయాలా? (విశాఖపట్నం)

జవాబు: తీసేయకండి. ముందు మీరు ఆడేది ఏ ఎడిషనో చూసుకోండి, ఎందుకంటే ఈ శిక్ష అలవాటు పాత పుస్తకాల నుంచి వచ్చింది. 1978 నాటి అడ్వాన్స్‌డ్ రూల్స్‌లో పాలడిన్ లాఫుల్ గుడ్ మాత్రమే కావాలి. తెలిసి కేయాటిక్ పని చేస్తే ఏడో లెవెల్‌కు తక్కువ కాని లాఫుల్ గుడ్ క్లెరిక్ (పూజారి) దగ్గర ఒప్పుకుని ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. తెలిసి ఈవిల్ పని చేస్తే పాలడిన్ హోదా పోయినట్టే, మళ్లీ రాదు. 2003 నాటి 3.5 ఎడిషన్‌లో ఈవిల్ క్యారెక్టర్లతో తెలిసి సావాసం చెయ్యకూడదన్న నిబంధన కూడా ఉంది. ఒక ఆటగాడి షీట్ మీది గీత మిగతావాళ్లందరి ఆటనూ శాసించేది ఇలాంటి నిబంధనలతోనే. మా దృష్టిలో అది చెడ్డ రూల్.

2014 నుంచి పాలడిన్ ఏ అలైన్‌మెంట్ అయినా కావచ్చు. అతణ్ణి కట్టిపడేసేది ప్రమాణం. కాబట్టి అలైన్‌మెంట్ గడి వదిలేసి, ఏ ఓత్ తీసుకున్నాడో అడగండి. ఓత్ ఆఫ్ డివోషన్ అయితే నిజాయితీ, ధైర్యం, కరుణ, గౌరవం, కర్తవ్యం దాని సూత్రాలు. లొంగినవాడిని చంపడం దానికి గట్టిగా తగులుతుంది. ఓత్ ఆఫ్ వెంజెన్స్ అయితే దుష్టులకు జాలి చూపొద్దనే దాని మాట. ఆ పాలడిన్‌కు రోగ్ మీద కోపం రావడానికి వేరే కారణం వెతుక్కోవాలి. ఏ ఓత్ అయినా, పక్కవాడు చేసిన పనికి పాలడిన్ ప్రమాణం తెగదు. తాను చేసినప్పుడు, లేదా ఆపగలిగి ఉండీ చూస్తూ కూర్చున్నప్పుడు మాత్రమే ఆలోచించండి. అప్పుడు కూడా ముందు హెచ్చరిక, తర్వాత ప్రాయశ్చిత్తం, ఆ తర్వాతే శక్తుల మాట.

ఇక అసలు గొడవ. పది నిమిషాలు ఆట ఆపి, క్యారెక్టర్ల పేర్లతో కాకుండా మీ మీ పేర్లతో మాట్లాడుకోండి. తేల్చాల్సింది ఒక్కటే: మన టేబుల్ దగ్గర లొంగిపోయినవాళ్లను ఏం చేస్తాం? అది పార్టీ (కలిసి నడిచే జట్టు) నియమంగా రాసుకుంటే రెండోసారి ఈ తగువు రాదు.

రోగ్ ఆటగాడి వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు, దానికి లెక్కతోనే జవాబివ్వండి. 2014 రూల్స్‌లో సంకెళ్ల జత 2 బంగారు నాణేలు. తెంచుకోవాలన్నా, చేతులు జారవిడిపించుకోవాలన్నా ఇరవై ముఖాల పాచికతో మొత్తం 20 లేదా ఆపైన రావాలి. మామూలు గోబ్లిన్ బలం 8, అంటే పాచిక మీద 1 తగ్గుతుంది, తెంచుకోవడం అసాధ్యం. చురుకుదనం 14, అంటే 2 కలుస్తుంది, జారవిడిపించుకోవాలంటే 18 లేదా ఆపైన పడాలి. నూటికి పదిహేను పాళ్లు. యాభై అడుగుల జనపతాడు 1 బంగారు నాణెమే, కానీ మొత్తం 17 లేదా ఆపైన వస్తే తెగుతుంది, అక్కడా అదే పదిహేను పాళ్లు. ఇవి రాసి టేబుల్ మీద పెడితే “చంపక తప్పదు” అన్న మాట నిలబడదు. ఇంకోటి, దగ్గరి ఆయుధంతో కొట్టి ప్రత్యర్థి ప్రాణబలాన్ని సున్నాకు తెచ్చినప్పుడు చంపకుండా స్పృహ తప్పించే హక్కు కొట్టినవాడికి ఉంది. చాలా టేబుళ్లలో ఇది ఎవరికీ గుర్తుండదు.

చివరిగా మీరు గమనించుకోవాల్సింది ఒకటుంది. వదిలేసిన ప్రతి బందీ తిరిగొచ్చి మాటు వేస్తున్నాడా? అలా చేస్తే ఆటగాళ్లకు దయ దండగని నేర్పుతున్నది మీరే. ముగ్గురు లొంగితే ఇద్దరైనా పనికిరావాలి. ఒకడు ఉచ్చు ఎక్కడుందో చెప్పాలి, ఇంకొకడు మూడు సెషన్ల తర్వాత సంతలో కనబడి చల్లగా తప్పుకోవాలి. మూడోవాడు మోసం చేస్తే అప్పుడు దానికో రుచి ఉంటుంది.

ప్రశ్న: ఊరి పెద్ద మీద అనుమానం వచ్చి మా క్లెరిక్ డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్ అనే స్పెల్ వేశాడు. డీఎం “అవును, ఈవిల్” అనేశాడు. మిస్టరీ అక్కడితో చచ్చిపోయింది. ఇది సరైనదేనా? (డాలస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: 5వ ఎడిషన్ అయితే మీ డీఎం పొరబడ్డారు. పేరు చూసి మోసపోతారు గానీ ఆ స్పెల్ మనిషి మనసు చదవదు. ముప్పై అడుగుల లోపల అబరేషన్ (వికృత జీవి), సెలెస్టియల్ (దివ్యజీవి), ఎలిమెంటల్ (పంచభూతాల జీవి), ఫే (మాయాలోకపు జీవి), ఫీండ్ (నరకపు జీవి), అన్‌డెడ్ (చచ్చీ తిరిగేది) రకం ప్రాణులు ఉంటే చెబుతుంది. మంత్రబద్ధంగా పవిత్రం చేసిన చోటునో మైల చేసిన చోటునో పట్టిస్తుంది. మనిషి పుట్టుక పుట్టిన ఊరి పెద్ద ఎంత దుర్మార్గుడైనా దానికి కనపడడు. కనపడ్డాడంటే అతను మనిషే కాదన్నమాట, అది ఇంకా మంచి మలుపు! 2014 రూల్స్‌లో సీసం పలుచటి రేకు అడ్డమున్నా, ఒక అడుగు మందం రాయి ఉన్నా, మూడడుగుల చెక్క లేదా మట్టి ఉన్నా స్పెల్ ఆగిపోతుంది.

పాత ఎడిషన్లలో ఇబ్బంది నిజంగానే ఉండేది, అక్కడ డిటెక్ట్ ఈవిల్ అలైన్‌మెంట్‌నే పట్టేది. దానికి 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ (ఇదే బాపతు ఇంకో ఆట) మొదటి ఎడిషన్ చక్కటి విరుగుడు పెట్టింది: నాలుగు హిట్ డైస్ (ప్రాణి బలానికి కొలత) వరకు ఉన్న మామూలు ప్రాణులకు కనపడే ఛాయ ఉండదు. ఊళ్లో వడ్డీ వ్యాపారులూ జేబుదొంగలూ అందరూ దాని కింద దాక్కుంటారు. మీరు పాత రూల్స్ ఆడుతుంటే ఈ ఒక్క గీత అరువు తెచ్చుకోండి.

ప్రశ్న: ఈ తొమ్మిది గళ్లు ఎవరు కనిపెట్టారు? (తెనాలి)

జవాబు: గ్యారీ గైగాక్స్. అయితే ఒక్కరోజులో కాదు. 1971లో వచ్చిన చైన్‌మెయిల్ అనే బొమ్మల యుద్ధపు ఆటలో లా, న్యూట్రల్, కేయాస్ అని మూడు జాబితాలు ఉండేవి. ఏ సైన్యం ఏ పక్షాన నిలబడుతుందో చెప్పడానికి అవి. నీతితో వాటికి పెద్ద సంబంధం లేదు. పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ కథల్లోని లా, కేయాస్ పోరు ఆ ఆలోచనకు మూలం. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లోనూ ఆ మూడే. గుడ్, ఈవిల్ అనే రెండో కొలతను 1976 ఫిబ్రవరిలో ది స్ట్రటీజిక్ రివ్యూ పత్రికలో గైగాక్స్ వివరించారు. 1977 నాటి బేసిక్ సెట్‌లో ఐదు, 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో తొమ్మిది. 2008లో 4వ ఎడిషన్ మళ్లీ ఐదుకు దించింది: లాఫుల్ గుడ్, గుడ్, అనలైన్డ్ (ఏ పక్షమూ కానిది), ఈవిల్, కేయాటిక్ ఈవిల్. 2014లో తొమ్మిదీ తిరిగొచ్చాయి. అనలైన్డ్ మాత్రం జంతువుల్లాంటి, మంచిచెడ్డల ఎంపిక తెలియని ప్రాణులకు మిగిలింది.

ప్రశ్న: మా ఫైటర్ షీట్ మీద న్యూట్రల్ గుడ్. ఆడేది మాత్రం కసాయివాడిలా. అలైన్‌మెంట్ మార్చాలంటే పద్ధతి ఏమైనా ఉందా? (నిజామాబాద్)

జవాబు: మొదటి ఎడిషన్‌లో అలైన్‌మెంట్ మారితే ఒక లెవెల్ పోయేది. రెండో ఎడిషన్‌లో తర్వాతి లెవెల్‌కు కావాల్సిన అనుభవ పాయింట్లు రెట్టింపు అయ్యేవి. ఇప్పుడు అలాంటి శిక్షలు లేవు, మీరూ పెట్టొద్దు. శిక్ష ఉందంటే ఆటగాడు మారడు, వాదిస్తాడు.

పనిచేసే పద్ధతి ఇది. డీఎం నోట్‌బుక్‌లో ఒక్కో క్యారెక్టర్‌కు నాలుగు గీతల గడి. సెషన్ అయ్యాక ఒక్క నిమిషం కూర్చుని, ఎవరికైనా నిజంగా ఖర్చయిన పనులకు మాత్రమే గీత పెట్టండి. ఖర్చంటే డబ్బు, రక్తం, అవకాశం, పరువు, ఏదైనా. వెటకారపు మాటకు గీత లేదు. మంత్రం కట్టుబడిలో చేసినదానికి లేదు. సంగతి తెలియక చేసినదానికీ లేదు. మూడు గీతలు ఒకే వైపు పడితే ఆటగాణ్ణి పక్కకు పిలిచి, తేదీలతో సహా చూపించి, “నీ షీట్ ఇలా అంటోంది, నీ ఆట ఇలా ఉంది, ఏది ఉంచుకుంటావు?” అని అడగండి. నిర్ణయం అతనిదే. నాలుగో గీత కూడా పడ్డాక షీట్ మార్చేయండి. మంచి పని ఒకటి చేశాడని చెడ్డ గీత చెరిపేయకండి. ఊరు తగలబెట్టి బిచ్చగాడికి నాణెం వేస్తే బాకీ తీరదు.

మార్చేటప్పుడు సామాన్లు చూసుకోండి. 5వ ఎడిషన్ 2014 రూల్స్‌లో అలైన్‌మెంట్ పట్టింపు ఉన్నవి కొన్నే, అవి మాత్రం గట్టివి. టాలిస్మన్ ఆఫ్ ప్యూర్ గుడ్ అనే తాయెత్తును ఈవిల్ క్యారెక్టర్ ముట్టుకుంటే ఎనిమిది ఆరుముఖాల పాచికల దెబ్బ, గుడ్ కానీ ఈవిల్ కానీ కానివాడికి ఆరు పాచికలది. రోబ్ ఆఫ్ ది ఆర్కిమేజై అనే అంగీ తెల్లది గుడ్‌వాళ్లకు, బూడిదరంగుది న్యూట్రల్‌కు, నల్లది ఈవిల్‌కు. స్పిరిట్ గార్డియన్స్ స్పెల్ గుడ్, న్యూట్రల్ క్లెరిక్ వేస్తే రేడియంట్ (వెలుగు) దెబ్బ, ఈవిల్ క్లెరిక్ వేస్తే నెక్రోటిక్ (మృత్యుశక్తి).

ప్రశ్న: మా గ్రూపులో ఒకడు ప్రతిసారీ కేయాటిక్ న్యూట్రల్ తీసుకుని పార్టీవాళ్ల సంచులే కొట్టేస్తాడు. అడిగితే “నా క్యారెక్టర్ అంతే” అంటాడు. (బెంగళూరు)

జవాబు: ఆ క్యారెక్టర్‌ను రాసిందెవరని అడగండి. కేయాటిక్ అంటే బంధాలు లేనివాడని కాదు, ఆజ్ఞలు గిట్టనివాడని. తోటివాళ్ల సొమ్ము ముట్టకూడదు అన్నది షీట్‌లో రాసేది కాదు, ఆట మొదలయ్యే ముందు అందరూ ఒప్పుకునేది. దానికి కేయాటిక్ న్యూట్రల్ మినహాయింపు కాదు. మనిషికి చేతివాటం తీరాలంటే డీఎం ప్రతి సెషన్‌లో కొట్టేయదగ్గ జేబు ఒకటి బయట పెట్టాలి. చాలావరకు సమస్య అక్కడే చల్లారుతుంది.

ఇదే బాపతు ఇంకో ఉత్తరంలో, గుడ్ పార్టీలో ఈవిల్ క్యారెక్టర్ ఆడొచ్చా అని అడిగారు. ఆడొచ్చు. లాఫుల్ ఈవిల్ అన్నిటికన్నా సులువు, ఒప్పందానికి కట్టుబడతాడు కాబట్టి. పార్టీ గమ్యం అతనికీ కావాలి. పార్టీలో ఒక్కరినైనా అతను కాపాడుకునేలా ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఐదో సెషన్‌కల్లా విలన్ అయి కూర్చుంటాడు. కెవిన్ సియంబీడా చేసిన పల్లాడియం ఆటలను ఒకసారి తిరగేయండి. వాటిలో ఏడు అలైన్‌మెంట్లు ఉంటాయి, న్యూట్రల్ ఉండదు. ఒక్కోదాని కింద ఏం చేస్తాడు, ఏం చెయ్యడు అని జాబితా ఉంటుంది. ఈవిల్‌లో ఒకటైన అబరెంట్ ఇచ్చిన మాట తప్పడు. ఆడటానికి ఆ జాబితా నాలుగు పేరాల వర్ణన కన్నా నయం.

ప్రశ్న: కుంభకర్ణుడు ఏ గడి? మా టేబుల్ దగ్గర ఇది తేలలేదు. (రాజమహేంద్రవరం)

జవాబు: తేలదు కూడా. సీతను తేవడం తప్పని రావణుడి మొహం మీదే చెప్పి, అయినా అన్న కోసం యుద్ధానికి వెళ్లాడు. విభీషణుడు అదే తప్పు చూసి అన్నను వదిలేశాడు. కట్టుబాటే కొలత అయితే ఇద్దరూ లాఫుల్‌కే వస్తారు. ఒకరిది అన్నకూ కులానికీ కట్టుబాటు, ఇంకొకరిది ధర్మానికి. కుంభకర్ణుడి ఆకలికి బలైన వానరుల్ని లెక్కేస్తే అతన్ని గుడ్ వైపు నెట్టడం కష్టం. మీ షీట్ మీద లాఫుల్ అని రాసిన ప్రతిచోటా పక్కన “ఎవరికి?” అన్న ప్రశ్నకు రెండు మాటల్లో జవాబు రాయండి. ఇద్దరు లాఫుల్ గుడ్ క్యారెక్టర్లు కత్తులు దూసుకోవడం ఎలా సాధ్యమో అప్పుడు కనబడుతుంది.

ప్రశ్న: అలైన్‌మెంట్ లేకుండా స్వభావాన్ని ఆటలోకి తెచ్చే వేరే పద్ధతులు చెప్పండి. మా 5వ ఎడిషన్ ఆటలో కలుపుకునేవి అయితే మేలు. (హైదరాబాద్)

జవాబు: మా ఓటు గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో చేసిన పెండ్రాగన్‌కు. ఆర్థర్ రాజు నాటి నైట్ల (వీరయోధుల) ఆట అది. పదమూడు జంటల గుణాలు: దయ, క్రౌర్యం ఒక జంట, నిజాయితీ, వంచన ఒకటి, క్షమ, పగ ఒకటి, ధైర్యం, పిరికితనం ఒకటి, ఇలా. ప్రతి జంట మొత్తం ఎప్పుడూ 20. దయ 13 అయితే క్రౌర్యం 7. గుణానికి పరీక్ష వచ్చినప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. దయ మీద 13 లేదా తక్కువ పడితే దయగా నడుస్తాడు. ఎక్కువ పడితే క్రౌర్యం మీద మళ్లీ వేస్తారు, 7 లేదా తక్కువ పడితే క్రూరంగా నడుస్తాడు. రెండూ తప్పితే ఆటగాడి ఇష్టం. గుణం 16కు చేరితే లోకానికి తెలిసిన పేరు వచ్చినట్టు. పేరుతో పాటు బరువూ వస్తుంది, ఆ గుణానికి ఎదురు నడవాలంటే డీఎం పాచిక వెయ్యమనొచ్చు.

మీ ఆటలోకి పదమూడూ తేకండి, మునిగిపోతారు. ఒక్కో క్యారెక్టర్‌కు మూడు జంటలు ఎంచుకోండి. ఒక్కో జంటలో 10, 10తో మొదలుపెట్టి, ఒక దాంట్లో 13, 7 పెట్టుకోనివ్వండి. గుణం మీద పాచిక నెగ్గి అది కథను మార్చితే పక్కన టిక్ పెట్టండి. క్యాంపెయిన్‌లో (సెషన్ల మీద సాగే కథలో) దీర్ఘ విరామం వచ్చినప్పుడు ప్రతి టిక్‌కు ఒకసారి పాచిక వేసి, ఉన్న అంకెకన్నా ఎక్కువ పడితే ఒకటి పెంచండి, జంటలో అవతలిది ఒకటి తగ్గించండి. చెడేది ఎక్కడంటే, డీఎం ప్రతి చిన్నదానికీ పాచిక అడగడం. సత్రంలో పూటకూళ్లమ్మకు డబ్బిచ్చే చోట నిజాయితీ పరీక్ష ఎందుకు? గుణం 16కు చేరినప్పుడో, ఆటగాడే ఎటూ తేల్చుకోలేనప్పుడో మాత్రమే అడగండి. లేకపోతే ఆటగాడి చేతిలోంచి క్యారెక్టర్ జారిపోతుంది.

ఇంకా తేలికది కావాలంటే 2012 నాటి డంజియన్ వరల్డ్. అక్కడ అలైన్‌మెంట్ అంటే ఒకే ఒక్క పని. గుడ్ ఫైటర్: తనకన్నా బలహీనులను కాపాడాలి. ఈవిల్ ఫైటర్: దిక్కులేని లేదా లొంగిపోయిన శత్రువును చంపాలి. సెషన్‌లో ఆ పని చేస్తే చివర్లో ఒక అనుభవ పాయింటు. శిక్ష లేదు, బహుమతి ఉంది. మీ ఆటలో దీన్ని డీఎం బహుమతిగా ఇచ్చే ఇన్‌స్పిరేషన్‌తో కట్టేస్తే సరి.

వాంపైర్ ది మాస్కరేడ్ దారి వేరు. 1991 నుంచీ దాంట్లో మానవత్వానికి 0 నుంచి 10 దాకా కొలత ఉంది. 2018 నాటి 5వ ఎడిషన్‌లో చెడు పనులకు మరకలు పడతాయి. సెషన్ చివర కొలతలో మరక లేకుండా మిగిలిన ఖాళీ గళ్లన్ని పాచికలు వేసి, ఒక్క విజయం కూడా రాకపోతే మానవత్వం ఒకటి పోతుంది. రక్తపిశాచుల కథకు బాగా కుదురుతుంది. గుహలు దోచే ఆటకు బరువెక్కువ.

పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ 2023 నాటి రీమాస్టర్‌లో అలైన్‌మెంట్‌ను పూర్తిగా తీసేసింది. దాని బదులు ఎడిక్ట్స్, అనాథెమా: చెయ్యాల్సినవి, చెయ్యకూడనివి. దేవుడి పేరు మీద యుద్ధం చేసేవాళ్లకు హోలీ, అన్‌హోలీ అనే ముద్ర కూడా ఉంది. మీ క్లెరిక్ షీట్ మీద రెండు ఎడిక్ట్‌లు, రెండు అనాథెమాలు రాయించి చూడండి, రూల్స్ ఒక్కటి కూడా మార్చక్కర్లేదు.

ప్రశ్న: పుస్తకంలో ఆర్క్‌లు (ఒక రాక్షసజాతి) కేయాటిక్ ఈవిల్ అని ఉంది. పుట్టిన బిడ్డ కూడా ఈవిలేనా? (గుంటూరు)

జవాబు: కాదు. 2014 మాన్‌స్టర్ మాన్యువల్ ముందుమాటలోనే, అక్కడిచ్చిన అలైన్‌మెంట్ మామూలుగా ఉండేదనీ, డీఎం మార్చుకోవచ్చనీ ఉంది. తర్వాతి పుస్తకాల్లో “సాధారణంగా” అన్న మాటను అలైన్‌మెంట్ ముందే చేర్చారు. కీత్ బేకర్ సృష్టించిన ఎబెరాన్ లోకంలోనైతే 2004 నుంచే డ్రాగన్ రంగు చూసి దాని బుద్ధి చెప్పలేరు. ఫీండ్‌లు, సెలెస్టియల్‌ల సంగతి వేరు. వాటి ఒళ్లే ఆ లోకాల సరుకుతో తయారైంది కాబట్టి వాటి అలైన్‌మెంట్‌ను అలాగే ఉంచండి. ఆర్క్ శిబిరం రాసేటప్పుడు నాయకుడికి, అతని ప్రత్యర్థికి, కాపలావాడికి వేర్వేరు గళ్లు ఇవ్వండి. ముగ్గురు చాలు. మిగతావాళ్లు ఆ ముగ్గురిలో ఎవరి వెనక నిలబడతారో రాసుకుంటే, ఆటగాళ్లు కత్తి తీయకుండా లోపలికి వెళ్లే దారి ఒకటి దానంతటదే ఏర్పడుతుంది.